ఆదివారం సెలవు తీసుకున్న జబ్బు

నందిగామ బజారు వీధిలో ఒకనాడు పట్టపగలు పదకొండు మంది పశువైద్యులు, వాళ్ళకు పాఠం చెప్పిన పెద్ద ప్రొఫెసరుగారు, ఒక ఊరకుక్క వెనకాల వరసగా నడిచి వెళ్ళారు. కుక్క ఆగిన చోట ఆగారు. అది మూతి నాక్కుంటే కాయితాల మీద రాసుకున్నారు. ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన ఇదేదో శవయాత్ర అనుకుని, చెప్పులు విడిచి పక్కకు తప్పుకుని నిలబడ్డాడట. ఆ ఘోరానికి కారకురాలిని నేను. చదివేవాళ్ళు నన్ను క్షమించక్కర్లేదు, నవ్వుకుంటే చాలు. కాకపోతే నవ్వే ముందు లెక్క సరిగ్గా వినాలి. నేను ఏ పని చేసినా లెక్క ప్రకారమే చేస్తాను. తప్పు కూడా లెక్క ప్రకారమే చేశాను. అందుకే దొరికిపోయాను.

మాది జగ్గయ్యపేట. మా నాన్నగారిది ఎండుమిరపకాయల వ్యాపారం. పెళ్ళయ్యేదాకా కొట్టు లెక్కలన్నీ నేనే చూశాను. పెళ్ళి తర్వాత కూడా రెండేళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాం. మావారు దేవదానంగారు అక్కడి పశువుల ఆసుపత్రిలో డాక్టరు. వరస ఇళ్ళలో నడిమి ఇల్లు మాది. ఇటు గోడ తడితే అటు నుంచి కూరగిన్నె వచ్చేది, కూరతోపాటు ఊరి కబుర్లన్నీ వచ్చేవి. 1961లో ఆయనకు నందిగామ బదిలీ అయింది. ఇరవై మైళ్ళు కూడా లేదు, బస్సెక్కితే గంట ప్రయాణం. అయినా నాకు సముద్రం దాటినట్టే ఉండేది.

నందిగామలో మా క్వార్టరు ఆసుపత్రి వెనకాల, ఊరికి ఎడంగా ఉండేది. ఒక పక్క బందెలదొడ్డి, ఇంకో పక్క జొన్నచేను. గోడ తడితే అటు నుంచి ఎవరిదో గేదె అరిచేది. ఆయన పొద్దున్నే సైకిలెక్కి పల్లెలకు పోయేవారు, దీపాలవేళకు వచ్చేవారు. మనిషి చాలా మంచివారు. మాటల్లో మాత్రం మహా పొదుపరి. "వస్తా", "వచ్చా", "ఉప్పు", "చాలు". ఈ నాలుగు మాటలతో మా సంసారం నడిచేది. ఉప్పు సరిపోయిన రోజున మూడే.

ఆ వానాకాలంలో డిపార్టుమెంటువాళ్ళు ఆయన్ని రిఫ్రెషర్ కోర్సుకి పంపించారు. గేదెలు, ఎడ్లకు సంబంధించింది కాదు. కుక్కలు, పిల్లుల్లాంటి చిన్న జంతువుల లోపలి జబ్బుల గురించి. ఆరు వారాలు. ఆ ఆరు వారాలు నేను గోడగడియారంతో మాట్లాడాను. అది గంటకోసారైనా జవాబు చెప్పేది.

ఆయన తిరిగొచ్చేటప్పుడు ఒక లావుపాటి పుస్తకంతోను, కొత్త ఉత్సాహంతోను వచ్చారు. వచ్చిన రోజు భోజనం దగ్గర నాతో ఏకంగా ఒక పూర్తి వాక్యం మాట్లాడారు. జంతువుకి నోరు లేదు కాబట్టి దాని జబ్బులో సగం యజమాని నోట్లో ఉంటుందని, డాక్టరన్నవాడు విసుగు లేకుండా అడిగి అడిగి దాన్ని బయటికి లాగాలని ప్రొఫెసరుగారు చెప్పారట. ఏ ప్రశ్న తరవాత ఏ ప్రశ్న వేయాలో వరసగా నేర్పారట. అంతా చెప్పి "చాలు" అన్నారు, నేను మజ్జిగ పోస్తుంటే.

ఏం లాభం. నందిగామలో కుక్కని డాక్టరు దగ్గరకు తెచ్చే నాథుడెవడు? వీరులపాడు నుంచి ఎద్దుని తోలుకొచ్చిన ఒక రైతు ఆయన మొహం మీదే అన్నాడు. "ఏం డాక్టరుగారూ, గేదెల్ని మానేసి కుక్కల్లో దిగారంటగా. మా కుక్కకి జొరమొస్తే కబురంపుతాలెండి, అది మిమ్మల్ని ఇంట్లోకి రానిస్తే." ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ పూట "ఉప్పు" అని కూడా అనలేదు. నేర్చుకున్న చదువు పెట్టెలో పెట్టిన పట్టుబట్టలా అయిపోయింది. రోజూ పుస్తకం తీయడం, చూసుకోవడం, మళ్ళీ మూయడం. నేను ఎదురుగా కూర్చుని ఆయన తిప్పే పేజీలు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక్కడ కుక్కగారి ప్రవేశం. గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి నిలబడి, ఒకటి వాలి ఉండేది. శిస్తు వసూలుకి వచ్చినట్టు ప్రతి గడప ముందూ హుందాగా నిలబడేది కాబట్టి దానికి మునసబు అని పేరు పెట్టాను. మధ్యాహ్నం ఎండలో వచ్చి మా వసారాలో పడుకునేది. నాకు అదే పదివేలు. గిద్దెడు బియ్యం ఎక్కువ పోసి, దానికని అన్నం వండేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. మునసబుకి పెట్టిన అన్నం ఆకులో అలాగే ఉంది. ఏదో ఒక మాట కలుపుదామని, "ఇవాళ ఈ కుక్క అన్నం ముట్టలేదండి" అన్నాను.

ఆయన చెంబు కింద పెట్టారు. స్టూలు లాక్కుని నాకు ఎదురుగా కూర్చున్నారు.

"ఎప్పటినుంచి?"

"మధ్యాహ్నం నుంచండి."

"ఏం పెట్టావు?"

"మనం తిన్నదే. దోసకాయ పప్పు, అన్నం."

"రుచిగానే ఉందా?"

పెళ్ళయిన ఇన్నాళ్ళకు నా వంట రుచి గురించి ఆయన అడగడం అదే మొదలు. ఉందన్నాను. ఆయన ఆగలేదు. అన్నం పెట్టాక నేను ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను, ఎంతసేపు అక్కడ ఉన్నాను, ఎవరైనా వచ్చారా, ఏమైనా చప్పుడయిందా అని ఒకదాని వెంట ఒకటి అడిగారు. కుక్క కోసమే అడిగారు, నాకు తెలుసు. కానీ జవాబులన్నీ నా మధ్యాహ్నం గురించే కదా. గడపలో కూర్చున్నానని, రోడ్డు చూస్తున్నానని, ఎవరూ రాలేదని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి వింటున్నారు. ఆ రాత్రి నేను ఇద్దరి భోజనం ఒక్కదాన్నే తిన్నాను.

మర్నాడు మునసబు ఆకు ఊడ్చినట్టు తినేసింది. "తిన్నదా?" అన్నారాయన. "తిన్నదండి" అన్నాను. పుస్తకం తెరుచుకుంది. ఇల్లంతా పేజీల చప్పుడు.

మూడో రోజున నేను అబద్ధమాడాను. తినలేదన్నాను. స్టూలు మళ్ళీ ముందుకు జరిగింది.

అబద్ధమాడటం మొదలుపెట్టాక తెలిసింది, నాకు కల్పన బొత్తిగా రాదని. లెక్కలు రాసినదాన్ని. ఉన్న పద్దుని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మార్చడమే వచ్చు. అందుకని నాకు జరుగుతున్నదంతా కుక్క ఖాతాలో వేశాను. మధ్యాహ్నం ముద్ద దిగడం లేదన్నాను. మూడింటికి గోడకేసి తిరిగి కూర్చుంటోందన్నాను. బెజవాడ బస్సు హారను వినపడితే లేచి గేటు దాకా వెళ్ళి, ఊరికే తిరిగొస్తోందన్నాను. దీపాలవేళకు ముందు నిట్టూరుస్తోందన్నాను.

"కుక్క నిట్టూర్చడమా?"

"నిట్టూరుస్తోందండి."

"గాలి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?"

నాకు తెలియదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెరట్లోకి వెళ్ళి, ఒకసారి నిట్టూర్చి చూసుకుని వచ్చాను.

"వదిలేటప్పుడండి."

ఆయన తల పంకించిన తీరు చూస్తే ఏ వైద్యుడికీ దొరకని మూలిక తనకే దొరికినట్టుంది.

వైద్యం మొదలైంది. ఎర్రనీళ్ళ మందు ఒకటి కలిపారు. కాంపౌండరు కోటయ్య దాని నోరు తెరిచి పట్టుకోవాలి, నేను పోయాలి. మొదటి రోజు మందు కోటయ్య చొక్కా తాగింది. రెండో రోజు అతని పంచె తాగింది. "అమ్మగారూ, రోగం దానికి, తడిసేది నేనూనా" అని అతను మొత్తుకున్నాడు. అన్నం మాన్పించి బార్లీనీళ్ళు పెట్టమన్నారు. మునసబు బార్లీనీళ్ళు వాసన చూసి, నా వంక జాలిగా చూసి, తోక ఊపి వెళ్ళిపోయేది. ఎక్కడికి వెళ్తోందో నేను ఆలోచించలేదు. సాయంత్రం ఏం చెప్పాలా అని ఆలోచించుకునేదాన్ని.

పదిహేను రోజులు పోయాక ఆయనకు బరువు చూడాలని బుద్ధి పుట్టింది. అప్పుడే కొత్తగా కిలోలు వచ్చాయి. ధాన్యం కొట్టు నుంచి కాటా తెప్పించి కుక్కని కూర్చోబెట్టారు. వారం తిరక్కుండా మళ్ళీ తూచారు. రెండు రాళ్ళు అదనంగా వేయాల్సి వచ్చింది. ఆయన వసారాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

"తినడం లేదు. బరువు పెరుగుతోంది. ఇది పుస్తకంలో లేదు, సుగుణా."

కూడికలు వచ్చిన ఏ మనిషికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు కూడికలు వచ్చు. కానీ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. కూడికలు ఎగిరిపోయాయి.

ఆయన ప్రొఫెసరుగారికి రాసేశారు. వెంటనే జవాబొచ్చింది. కోర్సు చదివినవాళ్ళందరికీ ఏడాదికోసారి పెట్టే పునశ్చరణ పాఠం ఈసారి నందిగామలోనే పెడతామని, ఈ కేసు నిలబడితే దాని మీద దేవదానంగారి చేత కాలేజీలో వ్యాసం చదివిస్తామని, పై కోర్సుకి ఆయన పేరే పంపుతామని. ఆ ఉత్తరం ఆయన నాకు రెండుసార్లు చదివి వినిపించారు. కుక్కల డాక్టరని ఎగతాళి చేసిన జిల్లాలో ఆయన తలెత్తుకు తిరిగే రోజు వచ్చింది. ఆ తల నిలబడటమో వాలిపోవడమో నా చేతిలో ఉంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ, "ఆ, ఇవాళ ఎన్నిసార్లు నిట్టూర్చింది?" అనేవారు. సరే, కుక్కకి జబ్బు నయం చేసేస్తే పోతుందనుకున్నాను. "ఇవాళ శుభ్రంగా తిన్నదండి. నిట్టూర్పు లేదు, గోడకేసి కూర్చోవడమూ లేదు" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేశారు. "అంటే మధ్యలో తగ్గినట్టు కనిపించి మళ్ళీ తిరగబెడుతుందన్నమాట" అని అదొక కొత్త లక్షణంగా కలుపుకున్నారు. ఇక ఈ జబ్బుకి చావు లేదని నాకు అర్థమైంది.

ఆ రోజు రానే వచ్చింది. జగ్గయ్యపేట, మైలవరం, ఇంకా ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు బస్సులు దిగారు. గేదెల్ని కట్టి నిలబెట్టే కర్రల చట్రంలో కుక్క ఆగదు కాబట్టి, మా ఇంట్లో రాసుకునే బల్ల తెచ్చి మా వసారాలోనే వేశారు. దాని మీద మునసబు, పెళ్ళికొడుకులా కూర్చుంది. ప్రొఫెసరుగారు తెల్లజుట్టు మనిషి, పొట్టిగా, గొడుగు పట్టుకుని ఉన్నారు. కుక్క కళ్ళు చూశారు, చిగుళ్ళు చూశారు, పొట్ట నొక్కి చూశారు, చాలాసేపు గుండె విన్నారు. "జబ్బు చరిత్ర చెప్పేవాళ్ళని పిలవండి" అన్నారు.

నేను కొంగు భుజం చుట్టూ కప్పుకుని వెళ్ళి నిలబడ్డాను. మావారు గోడ పక్కన, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లవాడిలా ఉన్నారు.

"గోడకేసి ఎప్పుడు కూర్చుంటుందమ్మా?"

"మూడింటికండి."

"సుమారుగా మూడా?"

నాకు సుమారు అనే మాటంటే చిరాకు. "మూడే అండి."

"రోజూ?"

"రోజూనండి."

"నిట్టూర్పు?"

"అయిదున్నరకండి. ఆరు దాటదు."

"డాక్టరుగారు ఇంటికొచ్చేది?"

"ఆరింటికండి."

వెనకాల ఎవరో దగ్గారు. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆదివారం కూడా ఇంతేనా అమ్మా?"

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. మేము క్రైస్తవులం. వారంలో ఆరు రోజులు ఎలాగో లాక్కొచ్చాను గానీ, పొద్దున చర్చికి వెళ్ళొచ్చి సాయంత్రం అబద్ధమాడటానికి నోరు రాలేదు. పైగా ఆదివారం ఆయన ఇంట్లోనే ఉంటారు, అవసరమూ లేదు.

"ఆదివారం ఉండదండి" అన్నాను.

"నలభై ఏళ్ళ నుంచి జబ్బుల్ని చూస్తున్నా. ఆదివారం సెలవు తీసుకునేదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అన్నారాయన.

డాక్టర్లు నవ్వలేదు. పెద్దాయన నవ్వాకే నవ్వాలి కదా. సరిగ్గా అప్పుడే పన్నెండయింది. మునసబు బల్ల మీంచి దూకి, ఆఫీసు వేళయిన గుమాస్తాలా గేటు వైపు నడిచింది. కోటయ్య పట్టుకోబోతే ప్రొఫెసరుగారు వద్దన్నారు. "తినని జంతువు ఎటు పోతుందో చూడాలి. నడవండి" అని గొడుగు తెరిచారు.

అదీ ఆ ఊరేగింపు. నేను చూడలేదు. కోటయ్య చెప్పగా విన్నాను. మొదట కరణంగారింటి వెనక గుమ్మం. ఆ ఇల్లాలు చారన్నం కలిపిన ముద్ద పెట్టి, ఎదురుగా ఇంతమంది కోట్లు తొడుక్కున్నవాళ్ళని చూసి, కుక్క ఎవరినో కరిచిందనుకుని తలుపేసుకుందట. తరవాత భోజన హోటలు, అక్కడ గారె. తరవాత మాంసం కొట్టు. ఆ కొట్టు ఆయన, "పాపం, డాక్టరుగారింట్లో దీన్ని నీళ్ళతో మాడుస్తున్నారంటండీ, మేమంతా ఓ చెయ్యి వేస్తున్నాం" అని ఆ డాక్టరుగారికే చెప్పాడట. ఊళ్ళో ప్రతి ఇల్లూ తన ముద్దతో పాటు నా బార్లీనీళ్ళకు పరిహారంగా ఇంకో ముద్ద పెడుతోందన్నమాట. బరువు ఎందుకు పెరిగిందో ఏడో ఇంటి దగ్గర అందరికీ తెలిసిపోయింది. మునసబు మాత్రం ఇంకా రెండిళ్ళు పూర్తి చేసిందట.

నేను వసారాలో ఖాళీ బల్ల పక్కన నిలబడి ఉన్నాను. నా జీవితంలో ఎన్నో ఒంటరి మధ్యాహ్నాలు గడిపాను గానీ అంత పొడుగైంది ఇంకోటి లేదు. రేపటి నుంచి జిల్లా అంతా ఆయన్ని చూసి ఏమంటుందో నాకు వినపడుతూనే ఉంది. నా నోటి తీపి కోసం ఆయన పరువు తిన్నాను.

అందరికంటే ముందు ప్రొఫెసరుగారు వచ్చారు. మంచినీళ్ళడిగారు. చెంబు అందుకుని మా వసారా గోడ చూశారు, గడప చూశారు, అక్కణ్ణుంచి కనిపించే రోడ్డు చూశారు.

"ఆ గోడకేసి కూర్చునేది కుక్క కాదుగా అమ్మా."

"కాదండి."

"నిట్టూర్పు?"

"వదిలేటప్పుడేనండి" అన్నాను. అది మాత్రం నిజమని ఆయనకు తెలియాలి కదా.

ఆయన నీళ్ళు తాగి చెంబు నా చేతికిచ్చారు. ఈలోగా డాక్టర్లంతా వచ్చి వసారాలో చేరారు. మావారు అందరికంటే వెనక, తల వంచుకుని ఉన్నారు. ప్రొఫెసరుగారు బల్ల మీద చెయ్యి వేసి, పాఠం చెప్పే గొంతుతో అన్నారు.

"దేవదానం రాబట్టిన చరిత్రలో తప్పు లేదు. ఆకలి లేకపోవడం నిజం. గోడకేసి కూర్చోవడం నిజం. నిట్టూర్పు నిజం. ప్రతి లక్షణమూ నిజమే. రోగి పేరు ఒక్కటే తప్పు రాశాడు."

ముందు పెద్దాయనే నవ్వారు. తరవాత అందరూ నవ్విన నవ్వుకి బందెలదొడ్డిలో గేదెలు లేచి నిలబడ్డాయి. నేను లోపలికి పరిగెత్తి తలుపు వేసుకున్నాను.

పై కోర్సుకి మైలవరం డాక్టరుగారి పేరు వెళ్ళింది. ఆ సాయంత్రం అందరూ బస్సులెక్కాక ఆయన లోపలికి వచ్చారు. తిడతారని కాచుకుని ఉన్నాను. తిడితే అదీ మాటే కదా అని కూడా అనుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కున్నారు. స్టూలు లాక్కుని నాకు ఎదురుగా కూర్చున్నారు.

"ఎప్పటినుంచి?" అన్నారు.

చెప్పాను. వరస ఇళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన విన్నారు. మధ్యలో లేవలేదు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటున్నారేమో. మావారు పద్ధతి గల మనిషి అని మరిచిపోకండి. ఆయనకు మాట్లాడటం రాదు, చరిత్ర రాబట్టడం ఒక్కటే వచ్చు. ఆ రోజు మొదలు, సర్వీసు ఉన్నంతకాలం, ఆ తరవాత కూడా, ప్రతి సాయంత్రం స్టూలు వేసుకుని కోర్సులో నేర్పిన ప్రశ్నలు నేర్పిన వరసలోనే వేసేవారు. ఆకలి ఎలా ఉంది, నీళ్ళెన్నిసార్లు తాగావు, విరేచనం సాఫీగా అయిందా, వాంతి ఉందా, దురద ఉందా, ఒళ్ళు నాక్కుంటున్నావా. చుట్టాలు కూర్చుని ఉన్నా సరే, ఒక్క ప్రశ్న దాటేవారు కాదు. చాలా ఏళ్ళు బతిమాలగా, తోక కదలిక గురించిన ప్రశ్న ఒక్కటి తీసేశారు.

ఇప్పుడాయన లేరు. ఆరింటికి నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. కాబట్టి ఇందుమూలంగా సమస్తమైన వారికీ తెలియజేసుకునేదేమంటే, దైవసాక్షిగా, పూర్తి తెలివిడితో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా జబ్బుని ఏ నోరులేని జీవం మీదా వేయను. తోచకపోతే నాకే తోచడం లేదని, ఉన్నదున్నట్టు, నా పేరు మీదే చెబుతాను. ఆదివారాలతో సహా.

అడిగినవాళ్ళకి.